నేను పెట్టని సంతకం

1926 ఏప్రిల్, మంగళవారం

పట్నంలో కొత్తగా పెట్టిన వైద్య కళాశాల నుంచి డాక్టరు గారు, నలుగురు విద్యార్థులు మన్యపు జ్వరాన్ని పరిశోధించడానికి మా ఊరు వచ్చారు. పొద్దంతా అందరి నోళ్లలో థర్మామీటరు పెట్టి చూశారు. చివరికి ఆయన ఒక కాగితం నా ముందుంచారు. ఊళ్లో చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇక్కడ జ్వరం తక్కువే. సంతకం పెట్టవయ్యా."

ఎండాకాలంలో చూస్తే తక్కువే మరి. వానలు పడి సామ కోతలనాటికి ఇంటికి ముగ్గురు వణుకుతూ పడుంటారు. తక్కువని రాస్తే మాకు క్వినైను రాదు. ఆ సంగతి చెప్పాలంటే నా గొంతు పెగల్లేదు.

పక్కింటి సోములమ్మ ఊరుకుంటుందా! "ఏటి తాతా, గుడిలో పాటలకి లేసే గొంతు ఇక్కడ లెగదేటి?" అంది. అందరూ నవ్వారు.

అప్పుడన్నాను. "పెట్టను బాబూ. సామ కోతలప్పుడు రండి, మా ఇంట్లోనే ఉందురుగాని. అప్పుడు సూసి రాయండి, పెడతాను."

ఆయన కాగితం మడిచి బండెక్కారు.

మళ్లీ వస్తారో రారో. నా సంతకం లేకపోయినా ఆ కాగితం పై వాళ్లకి చేరుతుందేమో. చేరనీ. దాని కింద నా పేరు మాత్రం ఉండదు.