మామా అంటే అమ్మ కాదు

ఇటలీ మఠంలోని సిస్టర్ గారికి, కువైట్‌లోని ఖైతాన్ నుంచి ఒక ముసలి వంటవాడి నమస్కారాలు.

మీరు తెలుగువారని విని రాస్తున్నాను. నా మేనకోడలు వెంకటేశ్వరిని పనిచేసే ఇంటివాళ్లు పాత రాతి ఊళ్లూ అడవులూ చూడ్డానికి మీ అమియాటా కొండకు తీసుకెళ్లారు. ఒకప్పుడు నిప్పు కక్కిన కొండట, ఇప్పుడు పుట్టగొడుగులకు పేరట, అది వదిలేయండి. అక్కడ పిల్ల తప్పిపోయి, మీ ఊరి పోలీసులకు దొరికింది.

కువైట్‌లో యజమానురాలిని మామా అంటాం. మీ ఇటలీలో మామా అంటే అమ్మట. “నాకు మామా కావాలంటే వీళ్లు మా అమ్మను వెతుకుతాండారు, మామా!” అని ఫోనులో ఏడ్చింది. మా అక్క పోయి ఎన్నేళ్లో.

ఆ యజమానురాలు కువైట్‌కు తిరిగొచ్చేసి, పనిమనిషి పారిపోయిందని రేపు కేసు పెడుతుందట. పెడితే ఇఖామా ఖలాస్, ఇక్కడుండే పర్మిట్టు పోయినట్టే. మీ కాళ్లు పట్టుకుంటాను, వెంటనే ఠాణాకు వెళ్లండి. పిల్ల పారిపోలేదు, తప్పిపోయింది. ఇటలీ భాషలో ఈ రెంటికీ వేర్వేరు మాటలుంటే, సరైనదాన్ని రాయించండి.

దాని మేనమామ