బక్కపడిన పెళ్ళికొడుకు

దోహా,
15 నవంబరు 1996, శుక్రవారం.

అమ్మకు,

నీ పెద్దకొడుకు ఖాసీం సలాములు. నేనిక్కడ బాగున్నాను. నువ్వూ, ఇంట్లో అందరూ బాగుండాలని అల్లాను వేడుకుంటున్నాను. ఈ "బాగున్నాను" అన్న మాటను ఈసారి ఆంజనమ్మ పిన్నమ్మ రెండుసార్లు చదవాలి. రెండోసారి గట్టిగా, మామ ఇంటిదాకా వినిపించేలా చదవాలి. పిన్నమ్మా, నా ఉత్తరాలు చదివేటప్పుడు మధ్యలో నీ సొంత మాటలు కలుపుతావని నాకు తెలుసు. పోయినసారి నేను జలుబు అని రాస్తే నువ్వు జ్వరం అని చదివావట. మా అమ్మ మూడు రోజులు నిద్రపోలేదు. ఈ ఒక్కసారికి ఉన్నది ఉన్నట్టు చదివిపెట్టు, నీకు పుణ్యముంటుంది.

అమ్మా, నీ ఉత్తరం అందింది. సముద్రం ఒడ్డున తీయించుకున్న నా ఫోటో చూసి నువ్వు ఏడ్చావని, గులాం నబీ మామ దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, ఈడికేదో పెద్ద రోగముండాది. నా కూతుర్ని ఈడికియ్యలేను" అన్నాడని రాయించావు. నెలాఖరులోపల సంగతి తేలకపోతే నస్రీన్‌కు వేరే సంబంధం చూస్తానన్నాడని కూడా రాయించావు. రంజాన్ దాటగానే పెళ్ళి అనుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషికి రాయాల్సిన ఉత్తరమేనా అది?

నిజం చెబుతున్నాను, ఆ ఫోటో నేను గొప్ప కోసం పంపాను. నిశ్చితార్థానికి కుట్టించిన సఫారీ సూటే కావాలని వేసుకున్నాను, ఎంత వదులైందో మీరంతా చూసి మెచ్చుకుంటారని. మీరేమో బట్ట వేలాడడం చూశారు, బుగ్గలు లేకపోవడం చూశారు. తప్పు నాదే. మన ఊళ్ళో గల్ఫ్ నుంచి వచ్చినవాడు పొట్టతో దిగితే బాగా సంపాదించాడని అర్థం, బక్కగా దిగితే ఏదో జరిగిందని అర్థం. ఆ సంగతి నేనెలా మరిచిపోయానో! నిశ్చితార్థంలో మామ నా పొట్ట మీద తట్టి, "కువైట్ అల్లుడంటే ఇట్లుండల్ల" అని పదిమందికీ చూపించలేదూ? నేనుండేది కతార్ అని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా గల్ఫ్ అంతా ఆయనకు కువైటే.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. అన్నం పెడుతున్నారా అని అడిగావు. పెడుతున్నారు, కావలసినదానికన్నా ఎక్కువే పెడుతున్నారు. డ్యూటీ పోయిందా అంటే, పోలేదు. మదీనత్ ఖలీఫాలో అదే ఇల్లు, అదే బాబా, అదే బండి. బాబా అంటే మా యజమాని, ఇక్కడ అందరం అలాగే పిలుస్తాం. దగ్గు లేదు, జ్వరం లేదు. బాబాకు తెలిసిన డాక్టరు రక్తం చూసి, ఛాతీకి ఎక్స్‌రే తీసి, గుర్రంలా ఉన్నావన్నాడు. ఎవరైనా మందు పెట్టారేమో అని నీ అనుమానం. నాకు మందు పెట్టి ఎవరికేం లాభం అమ్మా? తాయెత్తు తీసేశావా అని కూడా అడిగావు. తీయలేదు. చేతికి వదులైతే దారం ముడి మార్చుకున్నాను, అంతే.

ఇక అసలు సంగతి. నేను తిండి మానేసి చిక్కలేదు. తింటూనే చిక్కాను. అదెలా అని మామ నవ్వుతాడు, నవ్వనీ. వినమను.

హౌస్ డ్రైవర్ బతుకు నీకు తెలుసుగా. పొద్దున పిల్లల్ని బడిలో దింపాలి, తర్వాత మేడమ్‌ను అంగళ్ళకు తీసుకెళ్ళాలి. ఆమె ముషైరిబ్‌లో బట్టల కొట్లో దూరిందంటే రెండు గంటలకు గానీ బయటికి రాదు. అంతసేపూ నేను ఏసీ వేసుకుని సీటు వెనక్కి వాల్చి పడుకునేవాణ్ణి, చేతిలో పెప్సీ డబ్బా. మధ్యాహ్నం ఇంట్లో నుంచి నా గదికి పెద్ద పళ్ళెం వచ్చేది. మజ్బూస్ అని, మసాలా అన్నం మీద సగం కోడి. దాన్ని తలుపేసుకుని, టీవీ చూస్తూ, అడుగు కనిపించేదాకా ఒక్కణ్ణే తినేవాణ్ణి. శుక్రవారం నజ్మా పేటలో హోటల్ బిరియానీ, దాని మీద పరోటాలు. అలా తొంభై నాలుగు కిలోలయ్యాను.

తగ్గాలనుకోగానే మొదట ఉపవాసాలు మొదలుపెట్టాను. పొద్దున కీరకాయ, మధ్యాహ్నం కీరకాయ, సాయంత్రం ఉడకబెట్టిన గుడ్డు. వారం తిరక్కుండానే సిగ్నల్ దగ్గర కళ్ళు మూతలు పడ్డాయి, వెనకాల బళ్ళన్నీ హారన్లు కొట్టాయి. ఆ సాయంత్రమే బాబా ఇంటికి ఎవరో పంపిన కునాఫా అనే జున్ను మిఠాయి సగం పళ్ళెం మింగేశాను. తిన్నాక కడుపు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంటే నాగలక్ష్మక్క చూసింది. ఆమె ఇంట్లో వంటమనిషి, గోదావరి వైపు ఆవిడ. నోరు కొంచెం పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఏంటి తమ్ముడూ, ఆ కీరకాయలు తిని ఎన్నాళ్ళు బతుకుతావు? నోరు కట్టేసుకున్నోడు ఎవడైనా ఓ రోజు ఇంతకింతా లాగించేస్తాడు. ఇష్టమైంది తిను, నేనే వండిపెడతాను. కానీ ఆ పళ్ళెం చూశావా ఎప్పుడైనా? అది ఒక్క మనిషి తినేదా? పెళ్ళివారి పంక్తికి సరిపోద్ది!" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. ఎందుకంటే అమ్మా, ఇక్కడ ఆ పళ్ళెం ఒక్కడు తినడానికి కాదు. నలుగురు చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్నది వాళ్ళు తినడానికి. అవతలి వాడి వైపు చెయ్యి పెట్టడం మర్యాద కాదు. నేనొక్కణ్ణే ఆ మర్యాద ఎగ్గొట్టి, నాలుగు వైపులా నేనే కూర్చున్నాను.

మర్నాటి నుంచి గది తలుపు తీసిపెట్టాను. పక్క విల్లా డ్రైవర్ ముజఫ్ఫర్ అలీని, మన రాయచోటి ఇక్రాముద్దీన్‌ను భోజనానికి పిలిచాను. ముజఫ్ఫర్ పాకిస్తాన్ వాడు, మాట కత్తి. అలవాటు కొద్దీ నా చెయ్యి కోడికాలు కోసం అవతలికి పోతే చాలు, "అరే భాయ్, అప్నీ తరఫ్! నీ వైపుది నువ్వు తిను!" అని అరిచేవాడు. ఇక్రాముద్దీన్ అయితే అన్నంలో వేలితో గీత గీసి, "ఇది నీ సరిహద్దు ఖాసీమన్నా, దాటినావంటే యుద్ధమే" అనేవాడు. నవ్వీ నవ్వీ అన్నం నెమ్మదిగా దిగేది. మొదటి రోజుల్లో ఇంకా ఆకలిగా ఉన్నట్టే అనిపించేది. ఒక గ్లాసు మజ్జిగ తాగి కాసేపు మాట్లాడుకుంటే ఆకలి సంగతి గుర్తుండేది కాదు. తినేది అదే మజ్బూస్, అదే కోడి. రుచి కూడా నాకు ఇప్పుడే తెలిసింది. ఇంతకుముందు టీవీ చూస్తూ ఏం తిన్నానో నాకే తెలిసేది కాదు.

బిరియానీ మానలేదు. శుక్రవారం నజ్మాకు ముగ్గురం వెళ్ళి రెండు ప్లేట్లు తీసుకుంటాం. మిఠాయి తినాలనిపిస్తే ఒక్కటి కొని ముగ్గురం తుంచుకుంటాం. పెప్సీ ఒక్కటే పూర్తిగా వదిలాను, దాని బదులు పాలు లేని టీ. నువ్వు పంపిన రాగిపిండితో నాగలక్ష్మక్క సంగటి చెయ్యడం నేర్చుకుంది. మొదటిసారి జావలా వచ్చింది, రెండోసారి రాయిలా వచ్చింది, ఇప్పుడు ముద్ద ముద్దగా వస్తోంది. దాంట్లోకి చెనిక్కాయల పచ్చడి నేనే నూరుతాను. ఆమె తింటూ, "మీ సీమోళ్ళకి కారం తప్ప ఇంకేం తెలీదా?" అని ముక్కు తుడుచుకుంటుంది, మళ్ళీ పెట్టించుకుంటుంది.

ఇక నడక. మేడమ్ అంగట్లోకి వెళ్ళగానే బండికి తాళం వేసి వీధులన్నీ తిరగడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆమె తొందరగా బయటికొచ్చి చూస్తే బండి ఉంది, డ్రైవర్ లేడు. సంచులతో ఎండలో నిలబడి "వేన్ సవ్వాగ్? డ్రైవర్ ఎక్కడ?" అని బజారంతా వినిపించేలా అరిచింది. ఆ సాయంత్రం బాబా పిలిచి, పారిపోదామనుకుంటున్నావా అని అడిగాడు. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, పొట్ట పెద్దదైంది బాబా, తగ్గించుకుంటున్నాను అని పొట్ట పట్టుకుని చూపించాను. ఆయన నా పొట్ట చూశాడు, తన పొట్ట చూసుకున్నాడు, పకపకా నవ్వాడు. "యల్లా, ఇమ్షి!" అన్నాడు, అంటే సరే నడువు అని. ఇప్పుడు సాయంత్రాలు ఆయనే నన్ను సముద్రం ఒడ్డుకు బండి తీయమని, నాతో పాటు నడుస్తున్నాడు. అలా ఏడాదిలో పదహారు కిలోలు పోయాయి. నమ్మకపోతే ఈ ఉత్తరం తెచ్చిన ఇక్రాముద్దీన్ నీ ఎదురుగానే ఉన్నాడు, అతన్ని అడుగు. నేను బియ్యం మూటను గదిదాకా ఒక్కణ్ణే భుజాన మోసుకెళ్ళడం కళ్ళారా చూశాడు.

పిన్నమ్మా, ఇక్కడ ఆగు. వీధి తలుపు దగ్గరగా వేసి రా. ఇక్రాముద్దీన్‌కు టీ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టు. ఇక నుంచి చదివేది మా అమ్మకు మాత్రమే.

అమ్మా, ఎలా తగ్గానో చెప్పాను గానీ ఎందుకు తగ్గానో చెప్పలేదు. "నిన్నెవరు తగ్గమన్న్యారు నాయనా?" అని ఇప్పుడు అడుగుతావు. నస్రీన్ అడిగింది.

నిశ్చితార్థమైన వారానికి అందరం కొండ మీది దర్గాకు మలీదా తీసుకుని వెళ్ళాం కదా. మీరంతా ముందు పోయారు. నేను సగం మెట్లకే ఊపిరాడక కూలబడ్డాను. చొక్కా తడిసిపోయింది, గుండె దడదడమంటోంది. ఎవరైనా చూస్తారేమోనని చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. నస్రీన్ మలీదా గిన్నె పట్టుకునే వెనక్కి దిగి వచ్చింది.

"చెప్పు తెగిందా బావా?" అంది.

"ఆ, తెగింది" అన్నాను.

"తెగల్యా. నేను చూస్తానే ఉండా" అని రెండు మెట్లు పైన కూర్చుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "నీ దుడ్లు, బంగారు నాకేం వద్దు బావా. అత్త మాదిరి నేను ఒంటిగా ఉండలేను. నువ్వు నాకు ముసిలోడివి కావల్ల. పండ్లన్నీ ఊడిపోయి, నా మీద గొణుక్కుంటా, నాతోనే ఉండల్ల" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నావైపు చూడకుండా చూపు పక్కకు తిప్పుకుంది. అంతలోనే మళ్ళీ కోపంగా, "అట్లని తిండి మానేసినావంటే చూడు! నేను వంట నేర్చుకుండేది ఎవురికి?" అంది.

ఈ మాట ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అందుకే చెప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. "అత్త మాదిరి" అన్నది నీ చెవిన పడితే నీకు బాధేస్తుందని భయపడ్డాను. అమ్మా, ఆ పిల్ల నిన్ను తక్కువ చేయలేదు. నిన్ను చూస్తూ పెరిగింది. నాయన అంగట్లో కూర్చున్నచోటే గుండె పట్టుకుని ఒరిగిపోయిననాటికి నీకు ముప్పై నిండలేదు. ఆయనదీ నా ఒళ్ళే, నా తిండే. ఆ రోజు నాయనను ఇంటికి మోసుకొచ్చినవాళ్ళలో మామ కూడా ఉన్నాడు. ఆ తర్వాత నిన్నూ మమ్మల్నీ ఎవరు చూసుకున్నారో నేను రాయక్కర్లేదు. కాబట్టి ఒట్టు నేను తెంచేశానని నస్రీన్‌కు చెప్పు, ఈ మాటను నీ నోటితోనే మామకు చెప్పు. అల్లుడికి రోగం లేదని, రోగం రాకముందే ఆయన కూతురు నన్ను పట్టుకుందని చెప్పు. ఆయనకు అర్థం కాకపోదు.

వచ్చే శుక్రవారం సాయంత్రం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తాను. నువ్వొక్కదానివే రావద్దు. మామను తీసుకురా, నస్రీన్‌ను కూడా తీసుకురా. మామ "అల్లుడా" అని ఒక్కసారి పిలిస్తే చాలు, ఇంకేమీ అడగను. పిలవకపోతే ఫోన్ నస్రీన్ చేతికివ్వు, వాళ్ళ నాయన ఎదురుగానే. మిగతాది ఆమె చూసుకుంటుంది.

నువ్వు వేళకు తిను. నా కోసం ఏడవకు.

ఇట్లు,
ముసలివాడు కావాలని గట్టిగా ఆశపడుతున్న
నీ పెద్దకొడుకు,
ఖాసీం