అమ్మ తొట్టిలో నత్తలు

వదినకి,

నేను క్షేమం, నువ్వూ అంతేననుకుంటా. కొండ మీదకొచ్చి నెలైంది. ఇక్కడ నా ఉద్యోగమేంటో చెబితే నవ్వుతావు. మూడు గంటలకోసారి బయటికెళ్ళి గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత పడిందో చూసి పుస్తకంలో రాయాలి. వాతావరణ కేంద్రమని పేరు గొప్పగా ఉంది గానీ ఉన్నది నలుగురు మనుషులు, ఒక కుక్క. ఫోన్ పలకదు. గురువారం గురువారం వచ్చే టపా జీపే దిక్కు.

అసలు సంగతికొస్తా. అన్నయ్య వాచీల షాపు వెనక గదిలో అమ్మ మంచం పక్కన నేను పెట్టిన అక్వేరియం ఉంది కదా, నా ప్రాణమంతా దాని మీదే ఉంది. ఆఖరి ఆర్నెల్లూ అమ్మ ఆ మొక్కల్నీ, ఆ గప్పీ చేపల రంగురంగుల తోకల్నీ చూస్తూనే పడుకుంది. అది అలాగే ఉండాలి వదినా. నేను తిరిగొచ్చేసరికి ఒక్క ఆకు కూడా అటూ ఇటూ కాకూడదు.

అన్నయ్యతో నాకు మాటల్లేవని నీకు తెలుసు. అమ్మని ఆస్పత్రిలో చేర్చిన సంగతి నాలుగు రోజులు నా దగ్గర దాచాడు. నేను పరీక్ష రాసి బయటికొస్తే అప్పుడు కబురు. వచ్చేసరికి ఏం మిగిలింది? ఏడాదైనా నాకింకా కడుపు మండుతూనే ఉంది. అందుకని తొట్టి పూచీ నీది, అన్నయ్యది కాదు.

మేత రోజుకి ఒకేసారి. పొద్దున గంట ఎనిమిది కొట్టగానే ఒక్క చిటికెడు.

నీ ఆడపడుచు

తా.క.: మీ ఇంటి ఉత్తరాలన్నీ కింద షాపులోనే ఇస్తారుగా. అన్నయ్య చేతిలో పడితే విప్పొద్దని చెప్పు. విప్పితే విప్పాడు, చదవొద్దని చెప్పు.

*

మరదలు పిల్లకి,

వదిన ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ అన్నయ్య విప్పలేదు. అసలు సరిగ్గా ముట్టుకోను కూడా లేదు, కవరు కొసలు పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంత మర్యాదస్తుణ్ణి నేనెక్కడా చూడలేదు.

తొట్టి బాగుంది, చేపలు బాగున్నాయి. ఒక్క చిన్న ముచ్చట ఉంది. నీ ఉత్తరం రాకముందే, ఎడమ మూల కాస్త బోసిగా ఉందని మీ అన్నయ్య బజార్నుంచి ఒక మొక్క తెచ్చి నాటాడు. పాపం మంచి ఉద్దేశంతోనే. ఆ ఆకుల వెనక జిగురు చుక్కలాంటిది ఏదో ఉందట, ఎవరు చూశారు? వారానికి మూడు నత్తలు కనబడ్డాయి. ముచ్చటగా ఉన్నాయనుకున్నాం. ఇవాళ పొద్దున లెక్కపెడుతూ అరవై దగ్గర ఆపేశాం, ఎందుకంటే లెక్కపెట్టినవి కూడా నడుస్తున్నాయి.

మీ అన్నయ్య చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వాచీలు బాగుచేసే భూతద్దం కంటికి పెట్టుకుని, ముళ్ళు తీసే పట్టకారుతో ఒక్కొక్క నత్తనీ పట్టి తీస్తున్నాడు. షాపుకొచ్చినవాళ్ళు వాచీ చేతిలో పట్టుకుని నిలబడాల్సొస్తోంది. ఏంచెయ్యాలో వెంటనే రాయి. అమ్మ తొట్టి, అదే, అత్తయ్య తొట్టి పాడైపోతుందేమోనని మీ అన్నయ్యకి అన్నం సహించట్లేదు.

మీ వదిన

తా.క.: కుడి చెయ్యి బెణికింది, ఎడమ చేత్తో రాస్తున్నా. అక్షరాలు పీతలు నడిచినట్టున్నాయని నవ్వకు.

*

వదినకి,

చెయ్యి ఎలా ఉంది? వేణ్ణీళ్ళ కాపడం పెట్టు.

నత్తలు పోవాలని మందు గిందు పొయ్యొద్దు. నత్తలతో పాటు మొక్కలు కుళ్ళి, చేపలూ తేలతాయి. నత్తల్ని తినే చేపలుంటాయి, లోచ్‌లంటారు. సన్నగా, మూతి కింద చిన్న మీసాలతో ఉంటాయి. మూతి గుల్లలోకి దూర్చి నత్తని బయటికి లాగేస్తాయి. వాటిల్లో పెద్దగా ఎదగని రకం, వేలంత ఉండేవి అడుగు. కొన్ని రకాలు చిన్నప్పుడు ముద్దొస్తాయి, పెద్దయ్యాక జానెడు దాటి తొట్టంతా వాటిదే అంటాయి. ఒక్కటి తేవద్దు, ఐదు తీసుకో. ఒంటరిగా ఉంటే బెంగపడి మూల నక్కుతుంది.

ఇంకోటి. చేపల దుకాణంవాడు బఠాణీ గింజంత పఫర్ చేప చూపించి నత్తలకి యముడంటాడు. నిజమే, కానీ అది గప్పీల తోకలు కూడా కొరుకుతుంది. పొరపాటున కూడా ఇంటికి తేవద్దు.

నీ ఆడపడుచు

తా.క.: నీ ఉత్తరంలో వరసకి ఒకసారి ‘మీ అన్నయ్య’ ఉన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఇదేం జబ్బు వదినా? బెణికింది చెయ్యేనా, ఇంకేదైనానా?

*

మరదలు పిల్లకి,

నాకేం జబ్బు లేదు. ఉన్న మాట రాశా. అందగాణ్ణి అందగాడంటే తప్పా?

ఐదు లోచ్‌లు వచ్చాయి. రెండో రోజు చూస్తే ఐదూ పక్కకి ఒరిగి పడున్నాయి. పోయాయనుకున్నాడు మీ అన్నయ్య. గిన్నె పట్టుకుని తియ్యబోతే ఐదూ లేచి తుర్రుమన్నాయి. అవి అలాగే నిద్రపోతాయట! ముందే చెప్పొచ్చు కదే? తర్వాత వారమంతా చూశాం. అవి పడుకుంటాయి, లేస్తాయి, మళ్ళీ పడుకుంటాయి. నత్తలు వాటి మీదుగా నడిచి అవతలికి పోతున్నాయి. ఒక నత్తయితే ఒకదాని వీపు మీదే ఆగి సేదతీరింది.

అప్పుడు దుకాణంవాడు పఫర్‌ని చూపించాడు. నువ్వు వద్దన్నావని మీ అన్నయ్య గట్టిగానే చెప్పాడు. ఇది అలాంటిది కాదు, దీని స్వభావం వేరని వాడు ఒట్టేశాడు. ఇంటికి తెచ్చి వదిలితే అది మొదటి రోజు రెండు నత్తల్ని తింది, మాకు పండగే. రెండో రోజు నుంచి నత్తల మొహం చూడలేదు. నీలం గప్పీ తోక సగమే ఉంది. ఎర్రదాని తోక చిరిగిన జెండాలా ఉంది.

తిట్టు. ఎంత తిట్టాలో అంత తిట్టు. మీ అన్నయ్య నిన్నంతా తొట్టి ముందు నుంచి లేవలేదు. అత్తయ్య ఆ నీలందాన్నే ఎక్కువ చూసేదట. ‘అది నా వంకే వస్తోందిరా’ అనేదట.

మీ వదిన

తా.క.: దుకాణంవాడు ఇప్పుడు పఫర్‌ని అదుపులో పెట్టే చేప ఒకటుందంటున్నాడు. దాని సంగతేంటి?

*

వదినకి,

ఆ దుకాణం వీధిలోకే ఎవరూ వెళ్ళొద్దు!

నీలందాని తోక సంగతి చదివి, గాలి చూడ్డానికి బయటికెళ్ళి, చూడకుండానే తిరిగొచ్చేశా. పుస్తకంలో ఆ పూట ఖాళీ. పఫర్‌ని ఎవరికైనా ఇచ్చెయ్యండి. తోక మెల్లగా మళ్ళీ పెరుగుతుంది, నీళ్ళు శుభ్రంగా ఉంచండి చాలు. అన్నయ్యని మాత్రం తొట్టి దరిదాపులకి రానివ్వకు. ఎప్పుడూ ఇంతే, చెప్పాల్సింది చెప్పడు, చెయ్యొద్దన్నది చేస్తాడు.

కోపం పక్కన పెట్టి ఆలోచించా. కడుపు నిండిన లోచ్ నత్తని ఎందుకు వేటాడుతుంది? ఎక్కడ తిండి మిగిలితే అక్కడే నత్తలు పిల్లల్ని పెడతాయి. అసలు అవేం దుర్మార్గులు కావు. మనం ఎక్కువేసిన మేత, కుళ్ళిన ఆకు తిని శుభ్రం చేస్తాయి. అన్నేసి ఉన్నాయంటే తప్పు వాటిది కాదు, వేసే చేతిది. నిజం చెప్పు వదినా, రోజుకి ఎంత వేస్తున్నావు?

సెలవులిచ్చారు కదా, నీ బళ్ళో లెక్కల పుస్తకాలన్నీ మూసేసి రెండు రోజులు ఇక్కడికి రాకూడదూ? మనిషిని చూసి ఎన్నాళ్ళైందో.

నీ ఆడపడుచు

తా.క.: వచ్చేటప్పుడు ఊలు మేజోళ్ళు తే. ఇక్కడి కుక్క నావి ఒక జతలో ఒకటే తినేసింది. రెండూ తింటే ఇంత బాధుండేది కాదు.

*

మరదలు పిల్లకి,

నువ్వు చెప్పినట్టే వేస్తున్నాం. గంట ఎనిమిది కొట్టగానే ఒక చిటికెడు. కాకపోతే షాపులో బాగుకొచ్చిన గోడ గడియారాలు తొమ్మిదున్నాయి. తొమ్మిదీ ఒకేసారి కొడితే అవి బాగుకెందుకొస్తాయి? ఏడున్నరకి ఒకటి మొదలెడుతుంది, తొమ్మిదిన్నరకి ఆఖరిది కొడుతుంది. మొదటిది కొట్టగానే వేశాం. రెండోది కొట్టేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. వాటి మొహాలు చూస్తూ ‘ఇది తప్పు గంట’ అని ఎలా చెప్పమంటావు? కస్టమరు గడియారాన్ని అబద్ధాలకోరనడానికి మీ అన్నయ్యకీ మనసొప్పలేదు. అలా తొమ్మిది చిటికెళ్ళు పడ్డాయి.

నీ ఉత్తరం రాగానే ఒక్క చిటికెడుకి వచ్చేశాం. సాయంత్రం ఉడికించిన క్యాబేజీ ఆకు ఒకటి అడుగున వేసి, పొద్దున దాని మీదెక్కిన నత్తలతో సహా తీసేస్తున్నాం. పఫర్ వెళ్ళిపోయింది. నాలుగో రోజుకి లోచ్‌లకి ఆకలేసింది. ఇప్పుడు వాటి వేట చూడాలి, గుల్లలు టకటకమని రాలుతున్నాయి! నత్తలు ఇరవైకి దిగాయి. ఆ ఇరవై ఉండనీ అనుకుంటున్నాం. నీలందాని తోక అంచు మళ్ళీ మొలుస్తోంది.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు చూశా. మీ అన్నయ్య మొన్న తొట్టి ముందు కూర్చుని ఆ సంగతి ఎత్తాడు. అత్తయ్యే ‘దాని పరీక్ష అయ్యేదాకా చెప్పకు’ అందట. ఆ మాట తనకి సాకేనట. ఆస్పత్రి వరండాలో మూడుసార్లు ఫోన్ తీశాడట. నువ్వు ‘అమ్మకెలా ఉంది’ అంటే ఏం చెప్పాలో తెలీక మూడుసార్లూ పెట్టేశాడట. నీకు చెబితే ఇంక అది నిజమైపోతుందని భయమట. ‘పిరికితనం చేశా, అది నన్ను తిట్టడం న్యాయమే’ అన్నాడు. నువ్వు క్షమించాలని రాయట్లేదు. తెలియాలని రాశా.

ఇక రమ్మన్నావు గానీ నాకెక్కడ కుదురుతుంది? నడుం పట్టేసింది, గడప దాటి వారమైంది. తొట్టి ముందు కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నా.

మీ వదిన

తా.క.: మేజోళ్ళు పార్సిల్ చేస్తా. కుక్కకి కూడా ఒక జత పంపనా?

*

అన్నయ్యా,

అవును, నీకే. కూర్చుని చదువు.

నిన్న గురువారం. టపా జీపు కింద మలుపులో ఆగింది. డ్రైవరు సంచీలోంచి వదిన ఉత్తరం తీసిచ్చాడు. అదే జీపులోంచి రెండు సంచీలతో వదిన దిగింది. నడుం పట్టేసి గడప దాటని మనిషి నూట పది మెట్లు చకచకా ఎక్కి, ఎక్కగానే నన్ను నిలబెట్టి కడిగేసింది. ‘వెళ్ళి నాలుగు నెలలైంది, ఒక్క ఉత్తరం ముక్క రాశావుటే? మా అక్క ఇంటికెళ్తున్నానని మీ అన్నయ్యకి అబద్ధం చెప్పి వచ్చా’ అంది. నేను చేతిలో ఉన్న ఆమె ఉత్తరం ఆమెకే ఇచ్చా. తొట్టి ముందు కుర్చీలో కూర్చుని రాస్తున్నానన్న చోటికి రాగానే తన చుట్టూ ఒకసారి చూసుకుంది.

తర్వాత మిగతావీ చదివింది. పొద్దున్నే తొట్టి దగ్గర ఎడమ చేత్తో ఏదో గీకుతుంటే, వాచీ పనికి చెయ్యి వణక్కుండా సాధన చేస్తున్నావనుకుందట. ‘అందగాడు’ దగ్గర ఆగి, ఆ మాట తను ఎప్పుడు, ఎవరి ముందు అందో సాక్ష్యంతో సహా చెప్పమంటోంది. ఆ గొడవ మీరిద్దరూ చూసుకోండి.

నవ్వీ నవ్వీ పడుకున్నాం. పొద్దున లేచి ఆ ఒక్క పేరా మళ్ళీ చదివా. మూడుసార్లు ఫోన్ తీసిన సంగతి వదినకి కూడా తెలీదట. ఏడాదిలో నువ్వెవరికీ చెప్పలేదు. వదిన చీర కొంగు చాటున దాక్కుని నాకు చెప్పావు.

అయితే నేనూ ఒకటి చెప్పాలి, ఎవరి చాటునా లేకుండా. నేను రోజూ రాత్రి అమ్మకి ఫోన్ చేసేదాన్ని, గుర్తుందా? ఆ నాలుగు రోజులూ చెయ్యలేదు. పరీక్షలని నాకు నేను చెప్పుకున్నా. ముందు వారమే అమ్మ గొంతు మారింది, నాకు తెలిసింది. మళ్ళీ వింటే వచ్చెయ్యాల్సొస్తుందని వినలేదు. నువ్వు మూడుసార్లు ఫోన్ తీసి పెట్టేశావు. నేను ఒక్కసారి కూడా తియ్యలేదు. నిన్ను తిడుతున్నంతసేపూ ఇది నాకు గుర్తు రాకుండా ఉండేది. అందుకే ఏడాది తిట్టా. నన్ను క్షమించు అన్నయ్యా. నీ మీద నాకింక కోపం లేదు.

ఈ ఉత్తరం అందాక వచ్చే గురువారం జీపెక్కి రా. నువ్వొచ్చేదాకా వదినని పంపను, తనూ వెళ్ళనంటోంది. నాకు నిన్ను చూడాలనుంది.

నీ చెల్లెలు

తా.క.: తొట్టిని ఎవరు చూస్తారని వంక పెట్టకు. వారం మేత వెయ్యకపోయినా ఆ తొట్టికేం కాదు, షాపుకి తాళం పెట్టి రా. ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు. రాయాల్సింది ఏదైనా ఉంటే ఇక్కడికొచ్చి నోటితో చెప్పు.