ఎత్తు తక్కువ, కూత ఎక్కువ

ఏవండీ,

కబడ్డీ లీగ్ వేలానికి కాలేజీ ఆటగాళ్ళను ఏరేవాళ్ళు ఈ ఉదయం మనింటికొచ్చారు. కోచ్‌గా మీరు రాసుకున్న నోట్‌బుక్కులు కావాలట. "తొడలు బాగున్నాయి, బుర్ర లేదు" అన్నచోట ఒకటే నవ్వులు.

అంతలో ఒకాయన పాత పుస్తకమొకటి తెరిచి, తేదీ చూసుకోకుండానే చదివాడు.

"ఎత్తు తక్కువ. కూత ఎక్కువ. పట్టు పడితే వదలదు. తీసుకోవచ్చు... పేరు రాయలేదేంటమ్మా? ఎవరీ అమ్మాయి?"

తేదీ నేను చూశాను. ఇబ్రహీంపట్నంలో మన పెళ్ళిచూపుల రోజు! మా ఇంట్లో ఉప్మా తిని, ఆ చేత్తోనే "కూత ఎక్కువ" అని రాస్తారా?

"ఆవిడ ఇప్పుడెక్కడ ఆడుతున్నారండీ?" అన్నాడాయన.

"ఆవిడ పట్టుకున్నవాడు నిరుడు జారిపోయాడు బాబూ. అప్పట్నుంచి ఆడట్లేదు" అన్నాను, మీ ఫొటోకున్న దండ సర్దుతూ.