గోడవైపు తిరిగిన అంతోనివారు

దేవాలయ కార్యాలయం నుండి, గుడి వెనక వీధిలోని విశ్వాసురాలు గారికి,

దేవాలయంలోని పునీతుల స్వరూపాలు ఏ వైపు చూడాలి, ఎంత ఎత్తున నిలబడాలి, వాటిని ఎవరు తుడవాలి, తుడిచేటప్పుడు ఎవరు పర్యవేక్షించాలి అనే విషయాలపై ఈ కార్యాలయం తగిన ఆలోచన చేసి తగిన పద్ధతిని ఏర్పరచియున్నది. దాని ప్రకారం పునీతులు భక్తులవైపే చూడవలెను. కాగా, పోగొట్టుకున్నవి వెతికిపెట్టే పునీత అంతోనివారిని తమరు గోడవైపు తిప్పివేసినట్లు గంట కొట్టే ఆయన నివేదించారు. ప్రస్తుతం భక్తులు ఆయన వీపుకు మొక్కుకుంటున్నారు. వెంటనే యథాస్థితికి తిప్పి, సంజాయిషీ పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: పక్కనున్న పూలకుండీని కూడా తిప్పినట్లు తెలిసింది. కుండీకి ముందూ వెనకా లేనందున చర్య లేదు.

*

చిరంజీవి కార్యదర్శికి పెద్దమ్మ దీవెనలు.

నాన్నా, పోయింది దొరికేదాకా అంతోనివారిని గోడకు తిప్పి ఉంచడం మా అమ్మ నేర్పింది. ఆయనకూ అలవాటే, ఏమీ అనుకోరు. పోయినదాని ఆనవాళ్ళు రాసుకో. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. నెత్తి నెరిసింది. తెల్లవారకముందే గోల మొదలెడుతుంది. దగ్గరికెళ్తే కరిచినంత పని చేస్తుంది. నేనొక మాటంటే అలిగి వెళ్ళిపోయింది. అది పక్కన లేక నా జపమాల సగంలోనే ఆగిపోతోంది. పేరు మాత్రం చెప్పను. చెబితే నేనే ముందు దిగొచ్చినట్టవుతుంది.

నీ పెద్దమ్మ

తా.క.: మీ ఇంట్లోనే ఉంది. నువ్వు వెతక్కు. అది అంతోనివారి పని.

*

విశ్వాసురాలు గారికి,

ఈ కార్యాలయానికి పెద్దమ్మలు లేరని మొదట మనవి. ఆనవాళ్ళను పరిశీలించి, పోయినది ముసలి పిల్లి అని నిర్ధారించడమైనది. అది కార్యదర్శి ఇంట్లో ఉన్నదన్న అభియోగం తీవ్రమైనది కనుక, మా ఇంటిని మేమే నిష్పక్షపాతంగా సోదా చేశాము. మంచాల కింద, బీరువా వెనక, అటక మీద చూశాము. పిల్లి లేదు. కావున తమ ఆనవాళ్ళను ఆదివారం పూజ ముగియగానే అందరికీ చదివి వినిపించగలము.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: సోదా పూర్తయ్యేవరకు నిచ్చెన పట్టుకున్నది మా తల్లిగారు. ఎవరి పిల్లిరా అని అడిగారు. దర్యాప్తు నడుస్తున్నందున చెప్పలేదు.

*

నాన్నా, దీవెనలు.

చదివావు, అందరూ విన్నారు. "కరిచినంత పని చేస్తుంది" అనేసరికి ముందు బల్ల మీంచి మీ అమ్మ లేచి నిలబడింది. నువ్వు కాగితంలో తల దూర్చి ఉన్నావు, చూడలేదు. మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"గుండ్రంగా ఉన్నది నేనా? నువ్వేమన్నా పుల్లలా ఉన్నావా?"

"బస్సు వెళ్ళిపోతున్నట్టు జపమాల చదువుతావన్నాను. అంతమాత్రానికే అలుగుతారటే?"

"నువ్వు చదివే జోరుకి ఆ బస్సు డ్రైవరు రిటైరైపోతాడక్కా."

అక్కా అంది. చెవులారా విన్నాను. సాయంత్రం ఇంటికొచ్చింది. మంగళవార్త జపంలో ముందు సగం నేను, వెనక సగం అది. మాటలు ఇంకా మింగుతూనే ఉంది. నేనే కాస్త జోరు పెంచాను.

నీ పెద్దమ్మ

తా.క.: అంతోనివారిని ఇటు తిప్పేశాను. ముక్కుకు సున్నం అంటింది. పర్యవేక్షణ లేకుండానే తుడిచాను.

*

విశ్వాసురాలు గారికి,

పోయినది పిల్లి కాదు, మా తల్లిగారేనని ఈ కార్యాలయం అంగీకరిస్తున్నది. తమ ఇద్దరికీ మాటల్లేవన్న సంగతి కుమారుడికి తెలుసు. కార్యదర్శికి లిఖితపూర్వకంగా అందలేదు.

మరొక విషయం. మా ఇంటి అలమరలోని చిన్న అంతోనివారు కూడా, తమ ఇద్దరి మధ్య మాటలు ఆగిననాటి నుండి గోడవైపే నిలబడియున్నారని నేడు తేలింది. కారణం అడుగగా, "మా అక్క పోయిందిగా. ఎవరు వెతికిపెడతారు, నువ్వా?" అని తల్లిగారు సెలవిచ్చారు. ఒకరినొకరు వెతికిపెట్టమంటూ ఇద్దరూ ఆయనను రెండు చోట్లా గోడకు తిప్పి, ఎవరినీ చూడనివ్వలేదు. ఆలస్యానికి ఇదే కారణమని తీర్మానించడమైనది.

ఇట్లు,
తమ చెల్లెలి కొడుకు,
కార్యదర్శి

తా.క.: ఇకమీదట అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు పోగొట్టుకున్నచో, అక్క మాత్రమే అంతోనివారిని గోడకు తిప్పవలెను. చెల్లెలు వేరే పునీతుణ్ణి చూసుకోవలెను. ఇదే తుది నిబంధన. దీనిపై అప్పీలు పరలోకంలో కూడా స్వీకరించబడదు.