నర్సింలు మిగిల్చిన ఆట

బెంగుళూరు,
మంగళవారం పొద్దున

బాపుకు, అవ్వకు మీ బిడ్డ అనిత దండాలు.

బాపూ, నేను మంచిగున్న. నా గురించి ఫికర్ పెట్టుకోకు. నీ మోకాలు నొప్పి ఎట్ల ఉన్నది? అవ్వ బీపీ గోలీలు రోజూ వేసుకుంటున్నదా, లేకుంటే నేను ఫోన్‌లో అడిగినప్పుడు మాత్రమే "ఆఁ, వేసుకున్న" అంటున్నదా? ఎర్రావు ఈనిందని విన్న. జున్ను తినే రాత నాకు లేదు గానీ, పెద్దబాపు ఇంటికి తప్పకుండా పంపండి. లేకుంటే ఏడాది పొడుగునా దెప్పుతడు.

ఫోన్ ఉండగా ఉత్తరమేందని అనుకుంటున్నవేమో. నేను ఫోన్ చేస్తే నువ్వు "ఇగో, మీ అవ్వ మాట్లాడుతది" అని ఇచ్చేసి వాకిట్లకు పోతున్నవ్. తర్వాత అవ్వ అడుగుతది, "ఆ పని ఎంతదాక వచ్చిందని మీ బాపు అడుగుతుండే" అని. చెప్పబోతే నాలుగు మాటలకే ఆమె ఏడుస్తది, నేనూ ఏడుస్త, ఫోన్ పెట్టేస్తం. అందుకే నీకు రాస్తున్న.

ఇక్కడ చలి మొదలైంది. సన్నగా జల్లు పడుతూనే ఉంటది, ఉతికిన బట్టలు ఆరవు. సాంబార్‌లో బెల్లం వేస్తరు బాపూ, నమ్ముతవా? మొదట్లో నోట్లో పెట్టుకోలేకపోయేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. ఆఫీసులో చెవులకు మైకు తగిలించుకుని దూరదేశాల వాళ్లతో మాట్లాడుడే పని. వాళ్లు తిడుతుంటే నేను నవ్వుతూ సారీ చెప్పాలె. అందులో నాకు మంచి పేరే వచ్చింది. ఇంట్లో ఒక్క మాట పడని దాన్ని, చూడు ఎట్లయిపోయిన్నో. హాస్టల్‌లో నాతో ఉండే మంజుల ఈ ఊరి పిల్లే. మంచిది, కానీ గురక పెడుతది.

ఇక ఆ పని సంగతి.

తమ్ముడు నర్సింలు పోయినంక వాడికి పిట్టకు పెట్టిన రోజు నీకు గుర్తు చేయాల్సిన పని లేదు. అయినా రాస్త, ఎందుకంటే ఆ రోజు గురించి మనం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వాడికి ఇష్టమని అవ్వ తలకాయ కూర వండింది. కాకి ముట్టాలని విస్తరి పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డం. చెట్టు మీద కాకులున్నయి, ఒక్కటీ దిగలేదు. అవ్వ చేతులు జోడించి "బిడ్డా, నీ బండి ఎవ్వరికీ అమ్మం" అన్నది. రాలేదు. పెద్దబాపు "మీ అక్క పెండ్లి నేను నిలబడి చేస్త రా" అన్నడు. రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. వాడికి ఏం కోరిక మిగిలిందో ఎవ్వరికీ తోచలేదు. అప్పుడు నువ్వు ముందుకు పోయినవ్.

"నర్సిగా, నీ ఆట ఆగదు రా. మీ అక్క ఆడి ముగిస్తది. నేను మాటిస్తున్న."

కాకి దిగింది. ఎవ్వరూ నవ్వలేదు.

నన్ను ఒక్క మాట అడగకుండానే నా తరఫున మాటిచ్చినవ్ చూడు, బాపూ! బొద్దింకను చూస్తే మంచమెక్కే దాన్ని నేను. వాడు టీవీలో ఆ దయ్యాల ఆట పెట్టినప్పుడల్లా వంటింట్లకు ఉరికేదాన్ని. అది తెలిసీ, నేను బెంగుళూరుకు తిరిగొచ్చే రోజు ఆ ఆట డబ్బాను, వైర్లను నీ తువ్వాలలో చుట్టి, చేవెళ్ల బస్టాండులో నా సంచిలో పెట్టినవ్. "పైలం" అన్నవ్. అంతే.

నువ్వు ఆ మాట ఎందుకిచ్చినవో నాకు తెలుసు. వాడు పోయే ముందురోజు సాయంత్రం నువ్వు తిండికి పిలిస్తే వాడు "ఇంక కొంచమే ఉన్నది బాపు, రేపటితోటి అయిపోతది" అన్నడట. నువ్వు వైరు గుంజేసినవట. తెల్లారి అజీజ్‌నగర్‌లో పనికి పోయి, వస్తుంటే మొయినాబాద్ దాటినంక లారీ గుద్దింది. నువ్వు వైరు గుంజినందుకు వాడు పోలేదు బాపూ. వాడిని అందరం తిట్టేవాళ్లం. వాడు పనిచేసే ఫామ్‌హౌస్ సారు కొత్తది కొనుక్కుని ఆ పాత డబ్బా వాడికిచ్చినప్పటి నుంచి రోజూ తిట్లే తిన్నడు, తిని నవ్వేటోడు.

మా హాస్టల్‌లో టీవీ కింద హాల్‌లో ఒక్కటే ఉన్నది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నంక ఎవ్వరూ చూడరని, ఆ టైం పట్టుకున్న. మొదటి రోజు డబ్బా పెడితే తెర మీద రెండు మాటలొచ్చినయి: కొత్తగా మొదలుపెట్టాలా, పాతదే ఆడాలా అని. నేను కంగారులో కొత్తదాని మీదికి పోయిన. మంజుల నా చెయ్యి పట్టుకుని ఆపింది. లేకుంటే వాడు ఆడిందంతా చెరిగిపోయేదేమో.

ఆ ఆటలో మనిషి కనిపించడు బాపూ. ఆడేవాడే ఆ మనిషి. ముందు రెండు చేతులు, ఒక తుపాకి, ఒక టార్చిలైటు, అంతే కనిపిస్తయి. అదొక పాడుబడ్డ దవాఖాన. కరెంటు ఉండదు. ఒకప్పుడు మనుషులైనవి ఇప్పుడు ఏవేవో అయి మూలల నుంచి మీద పడుతుంటయి. దారి వెతుక్కుంటూ వాటిని కాల్చుకుంటూ బయటపడాలె. రిమోట్ మీద రెండు పుల్లలుంటయి, ఒకటి నడవడానికి, ఒకటి చూడడానికి. నేను నడువబోతే నింపాదిగా పైకప్పు చూసేదాన్ని. ఈలోగా ఏదో ఒకటి వచ్చి నన్ను చంపి పోయేది. మంజుల నవ్వీ నవ్వీ కింద పడ్డది.

వాడు తుపాకి గుండ్లు దాచుకున్నడు బాపూ. తెర మూలకు లెక్క కనిపిస్తది. ఎక్కడా దుబారా చేయలేదు. చేతికి వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేటోడని మనం అనేవాళ్లం కదా, అక్కడ మాత్రం పిసినారి లెక్క కూడబెట్టిండు. నేను ఒక్క మధ్యాహ్నంలోనే గోడలకు, తలుపులకు కొట్టి చాలా తగలేసిన. ఆ రోజు రిమోట్ కింద పెట్టి బాత్‌రూంలో కూర్చుని ఏడ్చిన. వాడి సంపాదన వాడు లేనప్పుడు పారబోసినట్టయింది.

మా ఓనరమ్మ గౌరమ్మ, తుపాకి చప్పుళ్లు విని మెట్లు దిగి వచ్చింది. ఆమెకు మన మాట కొంచెం వస్తది. "ఆడపిల్లలుండే చోట ఇదేమి ఆట?" అని గట్టిగానే అన్నది. మంజుల సంగతంతా చెప్పింది. ఆమె పైకి పోయింది. వచ్చే ఆదివారం టీవీ ఉండదనుకున్న. ఆ ఆదివారం ఆమే అనపకాయల గంప తెచ్చుకుని నా పక్కన కూర్చుని ఒలవబట్టింది. ఏదైనా మీద పడితే నాకంటే ముందు ఆమే అరిచేది. "వెనక, వెనక చూడు తల్లీ!" అని గింజలన్నీ ఒలకబోసేది. మెల్లగా మిగతా పిల్లలు కూడా వచ్చి కూర్చున్నరు. వాడి పేరు కూడా నేర్చుకున్నరు. నేను ఒక గది దాటితే "నర్సింలు దాటాడు" అనేవాళ్లు.

నీకొక్కటి చెప్పాలె. ఆ ఆటలో మనిషి ఊపిరి వినిపిస్తది. ఉరికితే రొప్పుతడు. దెబ్బ తగిలితే మూలుగుతడు. దాక్కుని ఉంటే సన్నగా, బిగబట్టి తీస్తడు. ముఖం కనిపించదు కదా, ఆ ఊపిరి ఎవరిదైనా కావచ్చు. నాకు అది వాడిదే అయింది. చిన్నప్పుడు జొన్నచేన్లో దాగుడుమూతలాడుతూ నా పక్కన దాక్కున్నప్పుడు అట్లనే తీసేటోడు. భయం పోయింది బాపూ. కొన్నిసార్లు ఏ పనీ లేకున్నా ఒక మూలకు నిలబెట్టి వింటూ కూర్చునేదాన్ని. ఎవ్వరూ ముందుకు పొమ్మనలేదు. అవ్వ "ఎంతదాక వచ్చింది" అని అడిగినప్పుడల్లా నేను "వస్తున్నదవ్వా" అన్నది అందుకే. దారి దొరకక కాదు. దొరికినంక నాకు పోబుద్ధి కాలేదు.

కానీ నువ్వు మాటిచ్చినవ్. అది ఆగితే నీకు నిద్ర పట్టదు, నాకు తెలుసు.

మొన్న ఆదివారం ముగించిన. ఆఖరికి వచ్చిన పెద్దదాన్ని చంపడానికి గుండ్లన్నీ అయిపోయినయి. తలుపు తీస్తే బయట తెల్లారి ఉన్నది, అంతా మంచు. కొంచెం దూరం నడిచిండు. ఊపిరి నెమ్మదైంది. తెర తెల్లగయింది. ఇంక వినిపించలేదు.

తర్వాత ఆ ఆట చేసినవాళ్ల పేర్లు కింది నుంచి పైకి పోతయి. ఎంతమందో. ఒక్కటి వదలకుండా చదివిన. వాడి పేరు కోసం చూసిన బాపూ. అందులో ఉండదని తెలుసు, అయినా చూసిన.

గౌరమ్మ లేచి పోయి బాయిలర్ వేసి, "లే తల్లీ, తలకు పోసుకో" అన్నది. పోసుకుని వచ్చిన. నా కోసం అన్నం, చారు పెట్టించింది. తిన్న. తినలేదేమోనని అవ్వ ఫికర్ పెట్టుకోకుండా చెప్పు, మంచిగనే తిన్న.

పండుమిరప తొక్కు ఎవరైనా ఇటు వస్తుంటే చిన్న సీసాలో పంపండి. నీ తువ్వాల ఉతికి పెట్టిన, వచ్చినప్పుడు తెస్త. డబ్బా మాత్రం నా దగ్గరనే ఉంచుకుంట. పెద్దబాపుకు, పెద్దవ్వకు నా దండాలు చెప్పు, వాడలో అడిగినవాళ్లందరికీ అనిత మంచిగున్నదని చెప్పు. నన్ను దీవించు.

బాపూ, కాకి దిగిన రోజే వాడు పోయిండని మీరందరూ ఏడ్చిండ్రు. నేను ఆ రోజు ఏడవలేదు, నాకింకా పని మిగిలి ఉండె. నాకు వాడు మొన్న ఆదివారం పోయిండు. ఊర్లో ఎవరన్నా పోతే మొదట పోయి అరుగు మీద కూర్చునేది నువ్వే. పెద్దగా ఏమీ అనవు, కూర్చుంటవ్. ఈసారి ఫోన్ అవ్వకియ్యకు. ఏం మాట్లాడకున్నా మంచిదే, జరసేపు నా దగ్గర కూర్చో.

నీ బిడ్డ,
అనిత