గురువారం గడప దాటకు

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు. రెండు రోజులుగా మన ఫోను పలకడం లేదు, అందుకే ఈ కార్డు.

నిన్న మధ్యాహ్నం మా పత్రిక ఆఫీసుకు ఒక పెద్దావిడ శ్రద్ధాంజలి ప్రకటన తెచ్చింది. అవి తీసుకునే పని నాదే కదా. పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. కింద మాత్రం అంతా వివరంగా రాసింది. చిన్నప్పటి నుంచీ గాలం వేయడమంటే ప్రాణం, ఆదివారాలు మౌతార్గాన్ వాయించేవారు, గులాబీలకు అంట్లు కట్టేవారు, భార్య, ఇద్దరు కూతుళ్లు, చిన్నదాన్ని బుడంకాయ అని పిలిచేవారు. చెల్లికి ఆ పేరుందని మన నలుగురికి తప్ప ఎవరికి తెలుసు? అవన్నీ నీ సంగతులే నాన్నా.

"ఎప్పుడు పోయారండీ?" అని అడిగాను.

"ఇంకా పోలేదమ్మా. గురువారం," అంది, బస్సు వేళ చెప్పినట్టు.

ఇది వేయనని కాగితం తిరిగి ఇచ్చేశాను. ఆవిడ కోప్పడలేదు. "పర్లేదులే తల్లీ, ఎలాగూ నువ్వే రాస్తావు," అని నా చెంప నిమిరి వెళ్లిపోయింది.

ఆవిడలా ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉన్న చుట్టం మనకెవరైనా ఉన్నారేమో అమ్మను అడుగు. చెల్లికి పరీక్షలు, ఈ కార్డు దాని కంట పడనివ్వకు. నువ్వు చేపలకు వెళ్లే పడవ తాళం అమ్మకిచ్చెయ్. గురువారం ఒక్కరోజు ఇంట్లోనే ఉండు, నా మాట విను.

ఇది బుధవారానికి అందుతుంది. శుక్రవారం పొద్దున్నే జవాబు రాయి, నీ చేత్తోనే రాయి. అమ్మ రాతతో కార్డు వస్తే చదివే ధైర్యం నాకు లేదు.

అమ్మకు నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

నీ పెద్దది